సున్నా దాకా రావడానికి ఆరు నెలలు

రొయ్యల గుంటల దగ్గర నాకొక పుస్తకం ఉంటుంది. రెండు వందల పేజీల రూళ్ల నోటు. ఉదయం పీహెచ్ ఎంత, సాయంత్రం ఎంత, సెలైనిటీ, అంటే నీళ్లలో ఉప్పు ఎంత, ఏ గుంటకి ఎన్ని కిలోల మేత, చెక్ ట్రేలో ఎంత మిగిలింది, నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్లు ఎన్ని గంటలు తిరిగాయి, అన్నీ అందులో ఉంటాయి. పదకొండేళ్లుగా రొయ్యలు వేస్తున్నాను, పంట ఉన్న రోజుల్లో ఒక్క పేజీ ఖాళీగా వదల్లేదు. ఆ పుస్తకంలో 2025 జనవరి 19 తర్వాత అన్నీ తెల్ల కాగితాలే. మళ్లీ రాత కనిపించేది ఏప్రిల్ 11న. ఆ రోజు రాసింది ఒకటే ముక్క: "చెప్పులు వేసుకున్నాను."

మాది విడవలూరు దగ్గర, సముద్రం వైపు ఊరు. సొంతం రెండెకరాలు, లీజుకి తీసుకున్నవి ఆరు. నవంబరులో వెనామీ రకం రొయ్య పిల్లలు, మేము సీడు అంటాం, వేశాం. అరవై రోజులు దాటేదాకా ఏ గుంటకి ఆ గుంట ముద్దొచ్చేటట్టు ఉంది. సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజు, ఇంకా తెల్లారకముందే టార్చి లైటు వేసుకుని గట్టు మీద నడుస్తుంటే మూడో గుంటలో రొయ్యలు వారకి వచ్చి నిలబడి ఉన్నాయి. చెయ్యి పెడితే దొరికాయి. ఆరోగ్యంగా ఉన్న రొయ్య అలా చేతికి దొరకదు. ఒకదాని తల పెంకు ఒలిచి లైటుకి అడ్డం పెట్టి చూశాను. తెల్ల చుక్కలు. ఆ జబ్బుకి మందు లేదు. చిన్న సైజులోనే అయినకాడికి పట్టేసి, మిగతా నీళ్లకి బ్లీచింగ్ కొట్టి, గట్టు మీద కూర్చున్నాను. వారంలో అన్ని గుంటలూ అయిపోయాయి. ఎంత పోయిందో అంకె ఇక్కడ రాయను. రాస్తే మా బావ చదువుతాడు, ఆ డబ్బులో ఆయనదీ ఉంది.

తర్వాతి రెండు నెలల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, ఎందుకంటే నేను ఏమీ చేయలేదు. ఫోను కట్టేసి బీరువాలో పెట్టాను. పగలు పడుకునేవాణ్ణి, రాత్రి మేలుకునేవాణ్ణి. నేను బాకీ ఉన్న మేత కొట్టు ఆయన బండి చప్పుడు వినపడితే వెనక గదిలోకి పోయేవాణ్ణి. మా అమ్మ మిరపకాయలు, ఉప్పు తీసుకుని దిష్టి తీసింది, ఒకసారి కాదు, మూడు మంగళవారాలు. మా ఆవిడ మొదట ఓదార్చింది, తర్వాత తిట్టింది, ఆ తర్వాత మాట్లాడటం మానేసింది. మూడోది చూసి నాకు భయం వేసింది.

నెల్లూరులో డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి హాస్టల్ నుంచి 14416కి ఫోన్ చేసింది. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉచిత ఫోన్ సేవ, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు. నాకోసం అది ఫోన్ చేసి, నా పరిస్థితి అంతా చెప్పి, వాళ్లు చెప్పిందంతా కాగితం మీద రాసుకుని ఇంటికొచ్చింది. "నాన్నా, నువ్వు రాకపోతే నేను హాస్టల్‌కి పోను" అంది. పరీక్షలు దగ్గర పడ్డాయి. వెళ్లాను.

పొగతోటలో డాక్టరు గారు పది నిమిషాలు మాట్లాడి, మాత్రలు రాసి, అవి పనిచేయడానికి రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుందని, మధ్యలో సొంతంగా మానొద్దని చెప్పి, సైకాలజిస్టు మేడమ్ దగ్గరికి పంపించారు. ఆవిడది కనిగిరి వైపు మెట్ట ఊరు. రొయ్యల గుంటని దగ్గర నుంచి చూసిందే లేదట. ఇది ముందు నాకు నచ్చలేదు, తర్వాత అదే మేలయింది.

మొదటి రోజు ఒక కాగితం ఇచ్చింది. తొమ్మిది ప్రశ్నలు. గత రెండు వారాల్లో నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, దేని మీదైనా ఆసక్తి ఉందా, ఇలాంటివి. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు, మొత్తం 27. ఎక్కువ వస్తే జబ్బు ఎక్కువున్నట్టు. నాకు 19 వచ్చింది. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండు అనిపించిందా అని. దాన్ని ఆవిడ కాగితం మీద వదిలేయలేదు, గొంతు తగ్గించకుండా నోటితో మళ్లీ అడిగింది. అనిపించిందని, చేసుకునే ఉద్దేశం మాత్రం లేదని చెప్పాను. ఇంట్లో ఎవరికైనా తెలుసా అంది. తెలియదన్నాను. మిగతా విషయాలన్నీ పక్కన పెట్టి, బయట కూర్చున్న మా ఆవిణ్ణి లోపలికి పిలిపించింది. ఆ ఆలోచన వచ్చినప్పుడు ముందు ఎవరికి చెప్పాలి, వాళ్లు లేకపోతే ఎవరికి, అర్ధరాత్రి అయితే ఏ నంబరుకి, మూడు లైన్లు రాయించి నా చొక్కా జేబులో పెట్టించింది. ఆ రోజు బస్సులో పెన్న వంతెన దాటేదాకా మా ఆవిడ నా చెయ్యి వదల్లేదు. పెళ్లయిన కొత్తలో కూడా బస్సులో అలా కూర్చోలేదు మేము.

రెండో వారం అడిగింది, "ఇక్కడికి రావడం వల్ల మీకు ఏం జరగాలి?" అని.

నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. అప్పు తీరాలి. ఆలోచనలు రాకూడదు. కోపం రాకూడదు. ఎవరూ నన్ను ఏమీ అడగకూడదు. నాలుగూ రాసుకుంది. రాసుకుని, నా మొహం కాసేపు చూసి, "మొదటిది పక్కన పెడదాం. మిగతా మూడూ ప్రాణం లేని మనిషి కూడా చేయగలడు కదండీ" అంది.

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. శవానికి ఆలోచనలు రావు. కోపం రాదు. దాన్ని ఎవరూ బాకీ అడగరు. రెండు నెలల్లో మొదటిసారి నవ్వు వచ్చింది, నవ్వుతుంటే ఏడుపూ వచ్చింది. తొమ్మిదో ప్రశ్నకి అలాంటి జవాబు చెప్పిన మనిషితో ఆ మాట అనొచ్చా అని ఇప్పటికీ నాకు అనుమానమే. మొదటి రోజే అని ఉంటే ఏమయ్యేదో. ఆవిడ నన్ను అంచనా వేసుకునే అంది అనుకుంటాను. ఆగ్డెన్ లిండ్‌స్లీ అనే అమెరికా ఆయన 1960లలో పెట్టిన పరీక్షట అది: శవం చేయగలిగినదైతే అది మనిషి చేసే పని కిందికి రాదు, కాబట్టి లక్ష్యం కూడా కాదు. "బతికున్న మనిషి చేసేది ఒకటి చెప్పండి" అంది. చెప్పలేకపోయాను. నిజంగానే నాకు ఏదీ తట్టలేదు. వారం టైమిచ్చింది, వారం తర్వాత కూడా తట్టలేదు.

అప్పుడు ఆవిడ దారి మార్చింది. పంట పోకముందు నా రోజు ఎలా గడిచేదో చెప్పమంది. చెబుతూ చెబుతూ చెక్ ట్రే దగ్గరికి వచ్చాను. అదేంటండీ అంది.

రొయ్యలు వేసేవాళ్లకి ఇది చెప్పనక్కర్లేదు. మిగతా వాళ్ల కోసం చెబుతాను. గుంటలో నీళ్ల అడుగున రొయ్య ఎంత తిన్నదో పైనుంచి కనపడదు. అందుకని వలగుడ్డ బిగించిన చిన్న పళ్లెం లాంటిదాన్ని, గుప్పెడు మేత పెట్టి తాడుతో అడుగుకి దించుతాం. రెండు గంటలాగి పైకి లాగుతాం. మేత అంతా అయిపోయి, రొయ్యల పేగుల్లో నల్లగా తిండి కనిపిస్తే, తర్వాతి పూట కొంచెం పెంచొచ్చు. మిగిలి ఉంటే తగ్గించాలి. ఎందుకు మిగిలిందో చూడాలి, నీళ్లు చల్లబడ్డాయా, పెంకు మారుస్తున్నాయా, జబ్బేమైనా దిగుతోందా అని. కొత్తగా వచ్చినవాళ్లు చేసే పొరపాటు ఏంటంటే, రొయ్య పెరగడం లేదని ఇంకో బస్తా ఎక్కువ పోస్తారు. తినలేని రొయ్యకి మేత పోస్తే అది అడుగున కుళ్లిపోతుంది. అమ్మోనియా లేస్తుంది. గుంటే పోతుంది. మేత వల్ల పెరగాల్సిన గుంట మేత వల్లే చస్తుంది.

ఆవిడ రాసుకోవడం ఆపేసి వింది. నేను అంతసేపు మాట్లాడటం ఇంట్లో వాళ్లు కూడా విని చాలా రోజులైంది. చివర్లో, "మీరు మీకు ఎంత మేత పోస్తున్నారు?" అని అడిగింది.

అప్పు తీరాలి అన్నది బస్తాలకి బస్తాలు. రేపటి నుంచి నాలుగింటికి లేస్తాను, అందరి దగ్గరికి పోతాను, మళ్లీ ఎనిమిదెకరాలు వేస్తాను అని రోజూ రాత్రి మంచం మీద శపథం చేసుకునేవాణ్ణి. తెల్లారేసరికి అది అడుగున కుళ్లిపోయి ఉండేది. ఆ వాసనకి రోజంతా లేవలేకపోయేవాణ్ణి.

ట్రేలో పట్టేంత పెడదాం అనుకున్నాం. వాకింగ్ చేస్తానన్నాను. వద్దంది. గట్టు దాకా పోతానన్నాను. అదీ ఎక్కువేనంది. బేరం తగ్గుతూ తగ్గుతూ చెప్పుల దగ్గర ఆగింది. పొద్దున పాలబ్బాయి బెల్లు కొట్టగానే చెప్పులేసుకుని వాకిట్లో నిలబడాలి. అంతే. ఆ తర్వాత మళ్లీ పోయి పడుకున్నా సరే. "వీలైనప్పుడు" అని రాయడానికి ఒప్పుకోలేదు. బెల్లు మోగితే చెప్పులు, అలాగే రాయాలి. ఏ గుర్తు కనపడితే ఏ పని చేయాలో ముందే ముడేసుకుంటే పని జరిగే అవకాశం పెరుగుతుందని పీటర్ గోల్‌విట్జర్ అనే జర్మన్ సైకాలజిస్టు పరిశోధనలు చేశాడట. మా ఆవిడకి మాత్రం ఇవేవీ ఎక్కలేదు. "చెప్పులేసుకునేదానికా ఏడొందలు? నేనైతే ఊరికే చెప్పుండేదాన్ని" అంది. నిజమే, ఊరికే చెప్పి ఉండేది. నేను విని ఉండేవాణ్ణి కాదు.

మొదటి వారం ఏడు రోజుల్లో మూడు రోజులు వేసుకున్నాను. తలొంచుకుని పుస్తకం చూపించాను. ఆవిడ ఆ మూడింటి జోలికి పోలేదు, బాగుందనలేదు, బాగాలేదనీ అనలేదు. "ట్రేలో మేత మిగిలింది. ఎందుకు మిగిలింది?" అంది. నాలుగు రోజులూ ఒక్కొక్కటే తవ్వుకుంటూ పోతే తేలింది ఏంటంటే, మా వాకిలి రోడ్డు మీద ఉంది, పాలబ్బాయి వచ్చే టైముకే మేత కొట్టు ఆయన బండి మీద గుంటల వైపు పోతాడు. నేను బద్ధకించలేదు, దాక్కున్నాను. చెప్పులు పెరటి గుమ్మానికి మార్చాం. రెండో వారం ఆరు రోజులు. మూడో వారం, ఎవరూ చెప్పకుండానే, పెరటి నుంచి కాలవ గట్టు మీదుగా నడుచుకుంటూ మూడో గుంట దాకా పోయాను. ఎండి బీటలు వారి ఉంది. కూర్చుని వచ్చేశాను.

మనసు బాగైతే పని చేద్దాం అని కూర్చుంటాం మనం. పనిని చిన్నగా మొదలుపెట్టి మనసుని వెనక రానివ్వడం ఇందులో పద్ధతి. బిహేవియరల్ యాక్టివేషన్ అంటారట, పీటర్ లెవిన్‌సన్ అనే ఆయన 1970ల నుంచి దీని మీద పనిచేశాడని మేడమ్ చెప్పింది. నాకు పేరుతో పనిలేదు గానీ, మా నాయన బతికుండగా ఇంకోలా అనేవాడు: "ఎద్దు లేచేదాకా కూర్చుంటే దుక్కి ఎప్పుడు? ముందు కాడి నువ్వెత్తు."

ఇంతలో వాట్సాప్‌లో మా మేనల్లుడు పంపించాడు, ఏ అలవాటైనా 21 రోజులు చేస్తే వచ్చేస్తుందని. ఇరవై రెండో రోజు కూడా నాకు మంచం దిగడం కష్టంగానే ఉంటే, నాలోనే ఏదో తేడా ఉందనుకున్నాను. మేడమ్‌ని అడిగితే, లండన్‌లో 96 మంది మీద చేసిన అధ్యయనంలో ఒక పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టిందని, అందులోనూ మనిషి మనిషికీ 18 నుంచి 254 రోజుల దాకా తేడా లెక్కకొచ్చిందని చెప్పింది. మేనల్లుడికి ఆ అంకెలు తిరిగి పంపించాను. బొటనవేలు గుర్తు పెట్టాడు.

అసలైన కష్టం మేత కొట్టు. దాని కోసం మేడమ్ నా గుంటల పుస్తకంలోనే ఐదు పెట్టెలు గీసింది. మైనస్ రెండు, మైనస్ ఒకటి, సున్నా, ప్లస్ ఒకటి, ప్లస్ రెండు. 1968లో కిరెసుక్, షెర్మన్ అనే ఇద్దరు అమెరికాలో తయారుచేసిన కొలబద్ద. ఇందులో సున్నా అంటే అనుకున్నది అనుకున్నట్టు జరిగిందని. నాకు ఇది ఎంతకీ తలకెక్కలేదు. మా లెక్కలో సున్నా అంటే పంట పోయినట్టు. "సున్నా వస్తే సంతోషపడాలా?" అని రెండు మూడు సార్లు అడిగాను.

పెట్టెలు నింపింది నేనే, ఆవిడ పెన్ను ఇచ్చి ఊరుకుంది. మైనస్ రెండు: బండి చప్పుడు వింటే దాక్కోవడం. అంటే అప్పటికి నేనున్న చోటు. మైనస్ ఒకటి: ఫోను ఆన్ చేసి పెట్టడం, ఆయన చేస్తే ఎత్తకపోయినా ఒక మెసేజ్ పెట్టడం. సున్నా: కొట్టుకి పోయి, కుర్చీలో కూర్చుని, నెలకి ఎంత కట్టగలనో నోటితో చెప్పడం. ప్లస్ ఒకటి: వాయిదాలు కాగితం మీద రాసుకోవడం. ప్లస్ రెండు: మొదటి వాయిదా కట్టడం. రాశాక చూస్తే, అప్పు తీరడం అనేది ఈ ఐదింట్లో ఎక్కడా లేదు. అది ప్లస్ రెండు అవతల ఎక్కడో ఉంది. అక్కడికి పోయే దారి మాత్రం మొదటిసారి కనిపించింది. బీరువాలోంచి ఫోను తీసి చార్జింగ్ పెట్టడానికే ఆ తర్వాత పదమూడు రోజులు పట్టింది.

జూలైలో రొట్టెల పండగ వచ్చింది. నెల్లూరు వాళ్లకి చెప్పేదేముంది. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో దిగి, కోరిక ఉన్నవాళ్లు రొట్టె తీసుకుంటారు, తీరినవాళ్లు మరుసటి ఏడు వచ్చి అదే పేరు రొట్టె ఇంకొకరికి ఇస్తారు. హిందువులు, ముస్లింలు తేడా లేదు. నీళ్లలో నిలబడి "ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, ఇంటి రొట్టె" అని పిలుస్తుంటారు. మా ఆవిడ ముందే తీర్మానం చేసుకొచ్చింది, మనకి వ్యాపార రొట్టె కావాలని. తను దాని కోసం వెతుక్కుంటూ జనంలోకి పోయింది. నేను ఒక పక్కన నిలబడ్డాను. నా పక్కన కొంగు తల మీదుగా కప్పుకున్న ఒక పెద్దావిడ "ఆరోగ్య రొట్టె" అంటోంది. చెయ్యి చాపాను. "ఎవరికి నాయనా?" అంది. అమ్మకి అని నోటిదాకా వచ్చింది, అమ్మకి సుగర్ ఉంది, అబద్ధం కూడా కాదు.

"నాకే" అన్నాను.

ఊళ్లో ఎవరికీ చెప్పని మాట, పేరు తెలియని మనిషికి నీళ్లలో నిలబడి చెప్పాను. ఆవిడ ఏ జబ్బని అడగలేదు. రొట్టె చేతిలో పెట్టి, నా తల మీద తడి చెయ్యి ఆనించింది. ఒడ్డుకొచ్చాక మా ఆవిడ తన రొట్టె, నా రొట్టె చూసి ఏమీ అనలేదు. రెండూ కలిపి తిన్నాం.

ఇది మేడమ్‌కి చెబితే ఆవిడ అడిగిన ప్రశ్న నాకిప్పటికీ గుర్తుంది. "వచ్చే ఏడాది మీరు రొట్టె ఇవ్వడానికి వచ్చారనుకోండి. ఏం జరిగి ఉంటే వస్తారు? ఆ రోజు పొద్దున ఇంట్లో ఏం కనిపిస్తుంది?" ఇలా ముందుకు పోయి వెనక్కి చూపించే ప్రశ్న ఒకటి ఆవిడ చదువులోనూ ఉందట, స్టీవ్ డి షేజర్, ఇన్సూ కిమ్ బర్గ్ అనే భార్యాభర్తల నుంచి వచ్చిందట. బతికున్న మనిషి చేసేది చెప్పమని మొదట్లో అడిగినప్పుడు తట్టనిది, రొట్టె పేరు చెప్పగానే వరస కట్టింది. ఆ పొద్దున గుంటల పుస్తకం రాసి ఉంటాను. గడ్డం గీసుకుని ఉంటాను. మా ఆవిడ నాతో ఏదో చిన్న విషయానికి గొడవ పెట్టుకుని ఉంటుంది, మాట్లాడకుండా కాదు. అమ్మాయి హాస్టల్‌కి చేపల పులుసు తీసుకెళ్తుంటాను.

చివరిది నేనే ఊహించలేదు. దాన్నే పట్టుకున్నాం. రెండు వారాలకోసారి ఆదివారం, కొరమీను దొరికితే కొరమీను, లేకపోతే బొచ్చె. పులుసు ముందు రోజు రాత్రే పెట్టాలి, తెల్లారితేనే దానికి రుచి. మామిడికాయ ఉంటే అదొకటి పడాలి. మూడు గిన్నెల క్యారియర్, కింద గిన్నెలో పులుసు, పైన అన్నం, ఆపైన మా అమ్మ వేయించిన వడియాలు. పల్లెవెలుగు బస్సులో క్యారియర్ కాళ్ల మధ్య పెట్టుకుని కోవూరు మీదుగా పోవడం. మొదటిసారి పులుసు ఒలికి నా పంచె మీద పడింది, హాస్టల్ గేటు దగ్గర వాచ్‌మన్ కూడా వాసన పట్టేశాడు. ఇది చికిత్సలో భాగమని ఎవరూ అనుకోరు. నాకు మాత్రం చెప్పుల తర్వాత బాగా పనిచేసింది ఇదే. జబ్బు తగ్గించుకోవడానికి చేస్తున్న పని అనిపించలేదు కాబట్టి.

అంతా ఎక్కుతూనే పోయిందనుకోకండి. జూన్‌లో కాస్త తేలికగా ఉందని మాత్రలు నాకు నేనే మానేశాను. నాలుగు రోజులు తల తిరిగి, చిరాకెత్తి, డాక్టరు గారి చేత చీవాట్లు తిని మళ్లీ మొదలెట్టాను. ఆగస్టులో ఇంకో దెబ్బ. మేలో సొంత రెండెకరాల్లో మాత్రం పలచగా సీడు వేశాను. పట్టుబడికి వచ్చే టైముకి అమెరికా మన సరుకు మీద సుంకం పెంచింది, ఆగస్టు 7 నుంచి 25 శాతం, 27 నుంచి ఇంకో 25. అప్పటికి మన రొయ్యలు ఎక్కువగా పోతున్నది అక్కడికే. కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి కట్టే కౌంటు రేట్లు పడిపోయాయి. రొయ్య బాగుంది, నీళ్లు బాగున్నాయి, నేను చేయాల్సిందంతా చేశాను, అయినా నష్టమే. ఫోను మళ్లీ బీరువాలోకి పోయింది. ఆ తొమ్మిది ప్రశ్నల కాగితం మీద మార్చిలో 19 నుంచి జూలైకి 12కి దిగిన మార్కులు మళ్లీ 15కి ఎక్కాయి.

మేడమ్ దగ్గరికి పోయి మళ్లీ మొదటికొచ్చానండీ అన్నాను. పుస్తకం తిరగేసి చూపించింది. జనవరి నుంచి ఎనభై రోజులు ఖాళీ. ఇప్పుడు తొమ్మిది. "సుంకం మీ ట్రేలో లేదు. మీ ట్రేలో ఏముందో చూద్దాం" అంది. ఆ వారానికి పెట్టుకున్నది మళ్లీ చెప్పులే. నాకు సిగ్గేసింది. కానీ జబ్బు పడ్డ గుంటకి మేత తగ్గించడానికి ఏ రైతూ సిగ్గుపడడు కదా, ఇక్కడెందుకు పడాలో నాకే తెలియలేదు.

ఇంట్లో మా ఆవిడ కూడా పెట్టెలు గీసుకుంది, నాకు తెలియకుండా, కిరాణా లిస్టు వెనక. రోజుకి ఎన్నిసార్లు "ఎట్టుండాది?" అని నన్ను అడుగుతోందో లెక్క. మైనస్ రెండు దగ్గర పదిహేను అని రాసుంది. సున్నా దగ్గర ఒకటి. అది చూశాక నేను లెక్కపెట్టడం మొదలెట్టాను, రోజుకి నాలుగు దాకా వచ్చింది. మా అమ్మేమో సుగర్ కోసం నడవమంటే పదేళ్లుగా నడవని మనిషి, "నాకూ గీయబ్బయ్యా ఆ గళ్లు" అంది. ఆమె సున్నా రామాలయం. ప్లస్ రెండు మా చిన్నమ్మ ఇల్లు, అది రామాలయానికి ఇరవై అడుగులు. తెలివైన ముసలమ్మ.

అక్టోబరు రెండో వారంలో మేత కొట్టుకి పోయాను. పొద్దున పదికి పోదామనుకుని, రెండుసార్లు దాని ముందు నుంచి నడిచి పోయి, మూడోసారి లోపలికి ఎక్కాను. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుని, మేడమ్ ముందు ఒకసారి, మా ఆవిడ ముందు ఒకసారి చెప్పి చూసుకున్నాను. కుర్చీలో కూర్చోగానే కాగితం ఏ జేబులో ఉందో మర్చిపోయాను. కొట్టు ఆయన గల్లా పెట్టె మూసి, టీ చెప్పి, నా వైపు చూడకుండా అన్నాడు: "చచ్చావో బతికావో తెలీక ఇన్ని నెలల నుంచి నేనూ సరిగ్గా నిద్రపోలా. బాకీ సంగతి తర్వాత, ముందు ఫోనెత్తబ్బా నువ్వు." టీ తాగి, నెలకి ఎంత కట్టగలనో చెప్పాను. తక్కువన్నాడు. ఇంకొంచెం పెంచాను. సరేనన్నాడు, మనస్ఫూర్తిగా ఏమీ కాదు. ఇంటికొచ్చి పుస్తకంలో సున్నా పెట్టె చుట్టూ పెన్నుతో రెండుసార్లు గుండ్రం చుట్టాను. మా ఆవిడ తొంగి చూసి, "సున్నా వచ్చిందని ఇంత సంబరపడేవాణ్ణి నిన్నే చూశా" అంది.

ఇప్పుడు నెలకోసారే మేడమ్ దగ్గరికి పోతున్నాను. మార్కులు 8 దగ్గర ఆడుతున్నాయి. మాత్రలు ఇంకా ఉన్నాయి. మేత కొట్టుకి రెండు వాయిదాలు కట్టాను, మూడోది పది రోజులు లేటు.

కొత్త పెట్టెలు బావవి. సున్నా దగ్గర, వాళ్లింటికి పోయి అన్నం తిని రావడం అని రాసుంది. డబ్బు మాట నేనే ఎత్తడం ప్లస్ ఒకటి. ప్రస్తుతం మైనస్ ఒకటి మీద ఉన్నాను, అంటే బావ ఇంట్లో లేని టైము చూసుకుని అక్కకి ఫోన్ చేయడం. నిన్న కూడా అదే చేశాను.